గీసినవాడి గుమ్మం

పాలు పోసే సుబ్బరావమ్మ ఆరు గంటలకల్లా సంజీవరావు ఇంటి ముందుకొచ్చి, క్యాను కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ముందు మెట్లు లెక్కపెట్టుకుంటుంది. సరదాకి కాదు. ఎన్నెక్కాలో తెలిస్తేగాని ఆమె మోకాళ్ళు కదలవు. ఆ రోజు లెక్కపెట్టి, సరిగ్గా లెక్కపెట్టానా లేదా అని మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి, తలెత్తి కేకేసింది.

"జ్యోతమ్మా, ఇయ్యాల ఇంకోటొచ్చింది. మీ పాత మూడూ కాక పదిహేడు. నా వల్ల కాదుగానీ గిన్నె దించు తల్లీ."

సంజీవరావు భార్య నాగజ్యోతి చేంతాడుకి కట్టిన సత్తుగిన్నె పైనుంచి దించింది. సుబ్బరావమ్మ పాలు పోసి, పైన చారెడు కొసరు కూడా పోసి, తాడు ఊపింది. సంజీవరావు పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. కేక వినిపించింది. వినిపించనట్టు ఇంకాసేపు తోముకున్నాడు. ఇంటితో పాటు పెరడూ, పెరట్లో కరివేపాకు చెట్టూ లేచాయి కాబట్టి అక్కణ్ణించి చూస్తే ఊరవతల మిరపకల్లాలన్నీ ఎర్రగా కనిపిస్తాయి. అంత మంచి దృశ్యం ఊళ్ళో ఇంకెవరికీ లేదు. దాన్ని చూడటానికి అతనికి మొహం చెల్లేది కాదు.

మార్టూరుకి అవతల, నాలుగు పత్తి మిల్లులూ రెండు సినిమా హాళ్ళూ ఉన్న ఆ ఊళ్ళో ఈ మెట్ల సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆసుపత్రి మెట్ల మీద ఎవరైనా పడితే, తెల్లారేసరికి సంజీవరావు గుమ్మం కింద ఒక మెట్టు వచ్చి ఉంటుంది. ఆసుపత్రి మెట్టు ఎంత ఎత్తో అంతే ఎత్తు, అదే నల్లరాయి, అదే మెరుపు. వచ్చిన మెట్టు అడుక్కి చేరుతుంది, ఇల్లు ఆ మేరకి పైకి లేస్తుంది. వింత అని ఎవరూ అనుకోలేదు. ఆసుపత్రి ప్లాను గీసినవాడి గుమ్మానికి కాక ఇంకెవరి గుమ్మానికి వస్తాయి అన్నారు. కరెంటు పని చేసే సిలార్ మాత్రం మెట్టుకో జానెడు చొప్పున వైరు వదులు చేసి చేసి విసిగిపోయాడు. "మీ ఇల్లు ఎందాకా పోద్దో ముందే చెప్పండి సార్, ఒకేసారి పొడుగు తీగ వేసి వదిలేస్తా" అన్నాడు మర్యాదగానే.

ఆ మర్యాదే సంజీవరావుని చంపుతోంది. ఒక్కడు తిట్టడు. ఒక్కడు చొక్కా పట్టుకోడు. టీకొట్టు దగ్గరికి వెళితే బల్ల మీద జరిగి చోటిస్తారు. ఎన్నోది వచ్చింది అని మాత్రం అడుగుతారు, క్రికెట్టు స్కోరు అడిగినట్టు. అంకె చెప్పి టీ తాగకుండానే లేచిపోయిన రోజులున్నాయి.

సంజీవరావు గుంటూరులో పాలిటెక్నిక్ చదివాడు. చుట్టుపక్కల పది ఊళ్ళకి ప్లాను గీసేవాడు అతనొక్కడే. ఇంటి ముందు రేకు బోర్డు మీద 'బిల్డింగ్ డిజైనర్' అని రాయించుకున్నాడు. మేస్త్రీలు నేల మీద సుద్దముక్కతో గీసి కట్టేసే రోజుల్లో, నీలం కాగితం మీద గీసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చేవాడంటే మాటలు కాదు. అతను గీసిన ఇళ్ళకి గాలి బాగా వస్తుందని పేరు. తన ఇంటికి మూడే మెట్లు పెట్టుకున్నాడు, ఒక్కోటి ఆరంగుళాలు. పసిపిల్ల కూడా చెయ్యి పట్టుకోకుండా ఎక్కేవి. ఆ మూడూ ఇప్పటికీ ఉన్నాయి, అందరికంటే పైన.

అంటే మెట్టు ఆరంగుళాలుండాలని అతనికి తెలుసు. తెలియక చేశాడని ఎవరైనా అంటే బాగుండునని చాలాసార్లు అనిపించింది. కానీ ఆ అబద్ధం నమ్మేవాళ్ళలో తను లేడు.

ఆసుపత్రి కొత్త బిల్డింగు కట్టించింది జిన్నింగు మిల్లు బుల్లయ్యగారు. చెడ్డవాడు కాదు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి పత్తిచేలో పాము కరిచింది. ఎద్దుబండి మీద చిలకలూరిపేట తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. అందుకని ఊళ్ళోనే నాన్న పేరు మీద ఆసుపత్రి ఉండాలనుకున్నాడు, ఉంది. వానాకాలం కాలవ పొంగితే ఆ చోట నీళ్ళు నిలుస్తాయి కాబట్టి బేస్‌మట్టం ఐదున్నర అడుగులు లేపారు. ఆరంగుళాల లెక్కన పదకొండు మెట్లు. పక్కన ఒక ర్యాంపు. సంజీవరావు మొదట గీసిన కాగితంలో రెండూ ఉన్నాయి.

వాస్తు చూసేవాడొచ్చి ఆ కాగితం మీద వేలు పెట్టాడు. ఇంద్రుడు, యముడు, రాజు అని లెక్కపెట్టుకుంటూ పోయాడు. పదకొండోది యముడి దగ్గర ఆగింది. ఆసుపత్రికి యముడి మెట్టేమిటండీ అన్నాడు. బుల్లయ్యగారి మొహం వాడిపోయింది. పన్నెండు చేస్తే రాజు దగ్గర ఆగుతుంది, మెట్టు ఇంకా సుఖంగా కూడా ఉంటుంది. సంజీవరావు ఆ మాట అనబోయాడు. కానీ పన్నెండు పెడితే మెట్లు ముందుకి వచ్చి బుల్లయ్యగారి నాన్న విగ్రహానికి చోటుండదు. ర్యాంపు ఉన్నా చోటుండదు. ఏడైతే ఇంద్రుడు. ఏడు కొండల లెక్క కూడా కుదురుతుంది. "ఏడు చెయ్యవయ్యా, గుడిలాగా ఉంటది" అన్నాడు బుల్లయ్య. తరవాత కల్యాణమండపం పని కూడా నీదేనన్నాడు, భుజం మీద చెయ్యేసి.

సంజీవరావు రబ్బరు తీసుకుని ర్యాంపు చెరిపేశాడు. ఐదున్నర అడుగుల్ని ఏడు భాగాలు చేస్తే ఒక్కో మెట్టు తొమ్మిదిన్నర అంగుళాలు తేలింది. ఆ అంకె వేస్తున్నప్పుడు చెయ్యి వణికిందని చెప్పుకోవచ్చు. వణకలేదు. తిన్నగా వేసి సంతకం పెట్టాడు.

కట్టింది మొహిద్దీన్ బాషా. ముప్పై ఏళ్ళ మేస్త్రీ. మొదటి మెట్టు ఆరగానే దాని మీద కాలు పెట్టి చూసి, సంజీవరావు దగ్గరికి వచ్చాడు.

"సార్, నా మోకాలే ఒప్పుకోవటంలా. నీళ్ళోసుకున్న ఆడకూతుళ్ళు ఎక్కే చోటిది. ఒకసారి చూడండి."

"చూసే గీశాను బాషా. గీసినట్టు కట్టు."

బాషా ఇంకేం అనలేదు. గీసినట్టే కట్టాడు. పైన మార్టూరు నుంచి తెచ్చిన నల్ల గ్రానైటు పరిచి, మొహం కనిపించేదాకా పాలిష్ పట్టారు. ప్రారంభం రోజు సంజీవరావుకి శాలువా కప్పారు. ఫోటోలో మెట్లు నిజంగానే గుడి మెట్లలాగా పడ్డాయి.

మూడు వారాలు తిరక్కుండా మొదటి మెట్టు వచ్చింది. వీధి కుంగిందేమో అనుకున్నాడు. రెండోది వచ్చినప్పుడు కూలీని పిలిచి గడ్డపారతో పగలగొట్టించాడు. భోజనానికి కూర్చుని లేచేసరికి మళ్ళీ ఉంది. అటూ ఇటూ క్రోటన్ కుండీలు పెట్టి అందంగా ఉందనిపించాలని చూశాడు. అందంగానే ఉంది. అప్పటినుంచి మాట్లాడకుండా ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. ఆసుపత్రి ఉన్న వీధి వైపు మాత్రం పోలేదు. ఎవరు పడ్డారో, ఎంత దెబ్బ తగిలిందో అడగలేదు. మెట్టుకి పేరుంటుందన్న ఆలోచన రానిచ్చేవాడు కాదు.

పదిహేడోది వచ్చిన ఆ రోజు పదింటప్పుడు బాషా వచ్చాడు. మెట్లన్నీ ఎక్కి, గుమ్మం దగ్గర తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. నాగజ్యోతి మంచినీళ్ళిచ్చింది.

"మా ఖుర్షిదా గురించి వచ్చా సార్. కాన్పుకి పుట్టింటికి తీసుకొచ్చాం. ఎనిమిదో నెల. పోయిన నెల ఆసుపత్రికెళ్ళి పడింది. మీకు పద్నాలుగోది వచ్చిందే, అది మా పిల్లదే."

సంజీవరావు కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు. మళ్ళీ కూర్చోలేకపోయాడు.

"దెబ్బ పెద్దగా తగల్లేదు. బిడ్డకీ ఏం కాలేదు. కానీ మళ్ళీ ఆసుపత్రికి పోనంటది. అందరి ముందూ పడ్డదా, చీర మోకాళ్ళదాకా పోయిందా, క్యూలో జనం చూశారా. చూసుకుని నడవమ్మా అన్నారంట ఎవరో. వాళ్ళత్త కబురు తెలిసి, నడక రాని పిల్లని అంటగట్టారంది. ఇది నిజంగానే తనకి నడక రాదనుకుంటంది సార్. కాళ్ళు బూరెల్లాగా పొంగినయ్. నర్సమ్మ ఇంటికొచ్చి చూసి బీపీ ఎక్కువుంది, శుక్రవారం లేడీ డాక్టరు దగ్గరికి రాకపోతే ప్రాణం మీదకొస్తదని చెప్పిపోయింది. ఇది మాత్రం ఇంట్లోనే కంటానంటది."

"ఇంకెక్కడికైనా..."

"గుంటూరు తీసుకుపోతానన్నా. దానికీ ముందు ఇక్కడ చీటీ రాయించుకోవాలంట. అయినా ఇల్లు కదిలితే గదా సార్. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. నీ తప్పు కాదమ్మా అని. నేను చెపితే కూతురు కాబట్టి అంటన్నానంటది."

సంజీవరావు తల ఊపాడు. బాషా వెళ్ళబోయి ఆగాడు.

"ఇంకోటి సార్. కట్టింది నేను. నా గుమ్మానికి ఒక్కటీ రాలా. ముందే చెప్పాడు కాబట్టి రాలేదంటన్నారు జనం. చెప్పి ఊరుకుంటే సరిపోద్దా? కూలి తీసుకునే కట్టా గదా. సగం నాక్కూడా వస్తే కాస్త నిద్ర పట్టేది."

అతను దిగిపోతుంటే సంజీవరావు కిటికీలోంచి చూశాడు. బాషా ఒక మెట్టు దగ్గర కాలు ఆపి, దాన్ని దాటి పక్కదాని మీద అడుగేశాడు. పద్నాలుగోది అదే అయ్యుంటుంది.

బాషా ఇంటికి వెళ్ళాల్సిన సంజీవరావు బుల్లయ్య మిల్లుకి వెళ్ళాడు. ఖుర్షిదా ముందు నిలబడటం కంటే అది తేలికనిపించింది. ర్యాంపు కట్టించేస్తే మాట చెప్పే అవసరం ఉండదని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. మిల్లులో దూది ఎగురుతోంది. బుల్లయ్యగారి మీసాల మీద కూడా ఉంది.

"మా నాయన్ని పక్కకి జరపమంటావా?" అన్నాడు బుల్లయ్య అంతా విని. కోపంగా కాదు, నొచ్చుకుని. "బతికుండగా ఒక కుర్చీలో కూర్చోబెట్టలేకపోయా. ఇప్పుడు కూడా లెమ్మంటే ఎట్టాగయ్యా? నేను రోజూ ఎక్కటంలా ఆ మెట్లు? ఏవయింది నాకు? జనం చూసుకోక పడతన్నారు."

బుల్లయ్యగారు ఆరడుగుల మనిషి. కాళ్ళు చాపితే మంచం దాటుతాయి. ఆ సంగతి చెప్పటానికి సంజీవరావుకి నోరు రాలేదు. కల్యాణమండపం ప్లాను ఎందాకా వచ్చింది అని బుల్లయ్య అడిగాడు. వస్తోందండి అన్నాడు. ఆ ఒక్క మాటా అని బయటికొచ్చాక, మిల్లు గోడ పక్కన నిలబడి తనని తాను ఛీ కొట్టుకున్నాడు. పైకే కొట్టుకున్నాడు. పత్తిబస్తాలు మోసేవాళ్ళు విని మొహాలు తిప్పుకున్నారు.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. ఆసుపత్రి వీధిలోకి తిరిగాడు. ప్రారంభం తరవాత అటు వెళ్ళటం అదే మొదలు. ఎదురుగా సోడాబండి పక్కన బల్ల మీద కూర్చుని చూశాడు.

గీసేటప్పుడు కాగితం మీద మనుషులుండరు. అక్కడ ఉన్నారు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయి దగ్గు పట్టినవాళ్ళు, బిడ్డని చంకనేసుకున్నవాళ్ళు, కట్టు కట్టిన కాలితో వచ్చినవాళ్ళు. మెట్లు అంత మెరుస్తున్నాయి కదా, చెప్పుల కాళ్ళతో తొక్కకూడదనుకుని అందరూ కిందే చెప్పులు విడుస్తున్నారు. చెమట పట్టిన వట్టి పాదం పాలిష్ రాయి మీద జారుతుందని గుంటూరులో మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. కొందరు మెట్టుకి దణ్ణం పెట్టి మరీ ఎక్కుతున్నారు. ఒకావిడ కూర్చుని, చేతుల మీద బరువేసి, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కింది. ఆమెని చూసి ఎవరూ నవ్వలేదు. అది అక్కడి పద్ధతి అయిపోయినట్టుంది.

పన్నెండింటప్పుడు రహమతున్నీసా అనే ముసలామె దిగుతూ దిగుతూ మూడో మెట్టు దగ్గర జారింది. చేతిలో మందుబిళ్ళల పొట్లం విడిపోయి, బిళ్ళలు విగ్రహం కాళ్ళ దాకా దొర్లాయి. సంజీవరావు పరిగెత్తుకెళ్ళి లేపాడు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"నాదే పొరపాటు బాబూ," అంది ఆమె, నొప్పి కంటే ముందు ఆ మాటే వచ్చింది. "కళ్ళు కనపడి చావవు. అందరూ దిగటంలా? నీ పంచె కూడా పాడుచేశా, ఏమనుకోమాక."

అతను బిళ్ళలు ఏరి ఇచ్చి, పేరూ వీధీ అడిగాడు. గీసింది నేనమ్మా అని చెప్పాలి. చెప్పలేదు. ఆమె ఇంకో రెండుసార్లు ఏమనుకోవద్దని చెప్పి, కుంటుకుంటూ వెళ్ళిపోయింది. పడ్డవాళ్ళంతా ఇలాగే సిగ్గుపడి వెళ్ళారన్నమాట, పదిహేడు మందీ. చూసుకోలేదని, నడక రాదని, ముసలితనమని ఎవరికి వాళ్ళు తమనే తిట్టుకుని పోయారు. ఒక్కరు కూడా రాయి వంక చూడలేదు. తను పడాల్సిన సిగ్గు ఇంతమంది తలో కాస్తా మోస్తున్నారు. ప్లాను అడిగినవాడు ఒక్కడు, ఎక్కేవాళ్ళు ఊరంతా. ఆ ఒక్కడి మొహమే చూసి గీశాడు.

మర్నాడు గురువారం. పద్దెనిమిదోది వచ్చింది.

"ఎవరిదో?" అంది నాగజ్యోతి, ఎవరి సమాధానమూ కోరకుండా.

"రహమతున్నీసా అని, ఎత్తుకుర్తివారి వీధిలో ఉంటుంది. మోచెయ్యి," అన్నాడు సంజీవరావు. నాగజ్యోతి అతని మొహంలోకి చూసింది. ఆర్నెల్లలో అతను ఒక మెట్టుకి పేరు చెప్పటం అదే మొదటిసారి. చొక్కా తెచ్చి చేతికిచ్చింది.

బాషా ఇంటి ముందు వేపచెట్టు కింద ఖుర్షిదా నులకమంచం మీద కూర్చుని ఉంది. పాదాల మీద కొంగు కప్పుకుంది. సంజీవరావుని చూసి లేవబోయింది, వాళ్ళమ్మ కూర్చోబెట్టింది. దారంతా కూడగట్టుకున్న మాటలు అతనికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"అమ్మా, నువ్వు పడ్డందుకు... నీ తప్పేం లేదమ్మా."

"అట్టా అంటారులెండి," అంది ఖుర్షిదా నేల చూస్తూ. "మా నాన్న చెప్పమంటే వచ్చారు. పెద్దవాళ్ళు, మీరింత దూరం రావటమే గొప్ప. అందరూ ఎక్కుతున్నారు సార్. నాకే కాలు కుదర్లా. చిన్నప్పటినుంచీ అంతే నేను."

ఇరవై ఏళ్ళ పిల్ల, చిన్నప్పటినుంచీ అంతే అంటోంది. ఒక పడటం ఆమె వెనకటి ఏళ్ళని కూడా పాడుచేసింది. ఆమే తలెత్తింది.

"మీ ఇంటికి నాది కూడా వచ్చిందంట గదా?"

"వచ్చింది."

"వచ్చిందా, లేక మా నాన్న ఊరికే అంటన్నాడా?"

"పద్నాలుగోది. పోయిన నెల మంగళవారం నువ్వు పడ్డావు, బుధవారం పొద్దున వచ్చింది."

ఖుర్షిదా పాదాల మీది కొంగు తీసింది. తరవాత, చూడాలి అంది. బాషా ఆటో తెచ్చాడు. గుంటల్లో పడకుండా మనిషి నడిచినంత నిదానంగా నడిపించాడు. సంజీవరావు ఆటో వెనకాల నడిచి వచ్చాడు.

వీధిలోవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఖుర్షిదా దిగి, కింద నిలబడి, పైదాకా చూసింది.

"ఇంతమందా?" అంది.

"ఇంతమంది."

"నాదేది?"

కొత్తవి కింద చేరతాయి కాబట్టి పద్నాలుగోది నేల నుంచి ఐదోది. పక్కనుంచి చూస్తే ఆమె గుండెల ఎత్తున ఉంది. సంజీవరావు వేలితో చూపించాడు. ఖుర్షిదా దగ్గరికి వెళ్ళి, చెయ్యి చాచి, బొటనవేలు కింది రాతి మీదా చిటికెనవేలు పైకీ పెట్టి కొలిచింది. మేస్త్రీ కూతురు. టేపు ఎక్కడుందో వెతుక్కోదు. పూర్తిగా చాపినా చిటికెనవేలు పై అంచు అందుకోలేదు. నమ్మకం లేక ఇంకోసారి కొలిచింది. ఆ కిందది కొలిచింది. దాని కిందదీ కొలిచింది.

"జానెడు దాటింది, నాన్నా," అంది బాషా వైపు తిరిగి. "నువ్వు ఎవరికి కట్టినా అరజానకి కాస్త మించి పోవు గదా. ఇదేంది?"

బాషా నోరు తెరవబోయాడు. ఈసారి సంజీవరావు వెనక్కి తగ్గలేదు. వీధంతా వింటోంది. విననీ అనుకున్నాడు.

"మీ నాన్న చెప్పాడమ్మా, నేనే వినలేదు. ఆరంగుళాలుండాలని నాకు తెలుసు. ఈ పైనున్న మూడూ చూడు, నా ఇంటికి నేను ఆరే పెట్టుకున్నాను. మీకు తొమ్మిదిన్నర పెట్టాను. ఒక పెద్దమనిషి మెప్పు కోసం, రాబోయే పని కోసం పెట్టాను. తెలిసే గీశాను. నువ్వు పడలేదు తల్లీ, నేను పడగొట్టాను."

సుబ్బరావమ్మ అరుగు మీద కూర్చుని వింటున్నదల్లా లేచి నిలబడింది. సంజీవరావు చెవులు కాలిపోతున్నాయి. నేల చీలి మింగేస్తే బాగుండునని మనుషులు అంటారు కదా, అతనికి ఆ అదృష్టం కూడా పట్టలేదు. పద్దెనిమిది మెట్ల ముందు, పగటి ఎండలో, అందరి కళ్ళ ముందూ నిలబడే ఉన్నాడు.

ఖుర్షిదా ఆ రాతి మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంది. ఆమె ఏడుస్తుందేమోనని వాళ్ళ నాన్న దగ్గరికి వచ్చాడు. ఆమె ఏడవలేదు. ఇన్నాళ్ళూ ముడుచుకుని ఉన్న భుజాలు కాస్త విప్పారాయి.

"రేపు శుక్రవారం గదా నాన్నా," అంది. "పోదాం. కానీ ఆ మెట్లు నేనెక్కను."

"నువ్వు ఎక్కొద్దు," అన్నాడు సంజీవరావు. "బాషా, నీ దగ్గర సెంట్రింగు చెక్కలెన్ని ఉన్నాయి?"

తెల్లవారుతూనే ఆసుపత్రి ముందు పని మొదలుపెట్టారు. కాగితం లేదు, సంతకం లేదు. సంజీవరావు పంచె ఎగ్గట్టి, నేల మీద సున్నంతో గీత గీశాడు. రోడ్డు పనికి తోలిన ఎర్రమట్టి రెండు ట్రాక్టర్లు మళ్ళించారు. మిరపకాయల ఖాళీ గోతాల్లో మట్టి నింపి, వరసలుగా పేర్చి, పైన చెక్కలు పరిచారు. సిలార్ స్తంభం దిగి వచ్చి గోతాలు మోశాడు. అడగకుండానే ఇంకా పదిమంది చేరారు. బుల్లయ్యగారి నాన్న ఉన్నచోటే దారి. విగ్రహాన్ని కదపటానికి ఎవరికీ చేతులు రాలేదు. అందుకని దాన్ని చుట్టుకుంటూ పోయారు. పూర్తయ్యేసరికి పెద్దాయన రొమ్ముల దాకా మట్టిలో కూరుకుని, పక్కన పోయేవాళ్ళని పలకరిస్తున్నట్టు ఉన్నాడు.

బుల్లయ్య కారులో వచ్చాడు. చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగటం చూసి సంజీవరావుకి ఇంకో సిగ్గు పట్టుకుంది.

"ఇక నా గుమ్మం తొక్కమాక సంజీవరావు," అన్నాడు బుల్లయ్య.

"తొక్కనండి. ప్లాను తప్పని లైసెన్సిచ్చే ఆఫీసుకి నేనే రాసి పంపాను. మీ పేరు పెట్టలేదు. సంతకం నాది కాబట్టి నా పేరే పెట్టాను."

బుల్లయ్య ఇంకేదో అనబోయి, చెక్కల మీద నుంచి దిగుతున్న ముసలివాడొకడు తన నాన్న విగ్రహం భుజం పట్టుకుని ఆనుకుని దిగటం చూసి, అనకుండానే కారెక్కాడు.

పదకొండింటికి ఖుర్షిదా వచ్చింది. వాళ్ళమ్మ ఒక చెయ్యి పట్టుకుంటే, రెండో చెయ్యి ఎవరికీ ఇవ్వకుండా తనే నడిచింది. చెప్పులు విడవలేదు. సంజీవరావు నాలుగడుగులు వెనకగా, ఆమె పాదాలే చూస్తూ ఎక్కాడు. ఆమె పైకి చేరి లోపలికి వెళ్ళేదాకా చూపు తిప్పుకోలేదు.

లేడీ డాక్టరు బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, మళ్ళీ కొట్టింది. పాదం మీద వేలితో నొక్కింది. పడ్డ గుంట ఎంతసేపటికీ పూడలేదు. డాక్టరు మొహం మారింది. నర్సుని పిలిచి గుంటూరుకి చీటీ రాయమని, జీపు సిద్ధం చెయ్యమని చెప్పింది. ఇంకో రెండు రోజులు ఆగితే ఫిట్స్ వచ్చేవి, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదంది. ఆ కంగారంతా కోపమై ఖుర్షిదా మీద పడింది.

"నెల రోజుల నుంచీ నర్సు తిరుగుతోంది. ఇంత నీరు పట్టేదాకా ఇంట్లో ఎందుకు కూర్చున్నావమ్మా? బుద్ధి లేదా?"

తలుపు దగ్గర నిలబడ్డ సంజీవరావు ఒక అడుగు ముందుకేశాడు. నా పొరపాటేనండి అనే మాట ఇప్పుడొస్తుంది, ఆ పిల్ల నోటికి అలవాటైన మాట. ఖుర్షిదా తల దించుకుంది. పెదవులు కదిలాయి. తరవాత తలెత్తి డాక్టరు కళ్ళలోకి చూసింది.

"మెట్లు ఎత్తుగా ఉన్నయ్ మేడం," అంది. "అందుకని రాలా."

డాక్టరు పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. ఎవరు కట్టారసలు వాటిని అని ఎవరినీ ఉద్దేశించకుండా అడిగింది. బాషా ముందుకు రాబోతే సంజీవరావు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గీసింది నేనండి," అన్నాడు.

ఆరో రోజున గుంటూరులో ఖుర్షిదాకి ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండకపోయినా గట్టిగా ఏడ్చింది. సంజీవరావు లైసెన్సు ఏడాది పాటు ఆపేశారు. ఆసుపత్రి దగ్గర ర్యాంపు రాతితో కట్టింది బాషాయే, విగ్రహాన్ని రెండు గజాలు పక్కకి జరిపింది మాత్రం బుల్లయ్యగారే స్వయంగా. ఆ తరవాత ఎవరూ పడలేదు, కొత్త మెట్టూ రాలేదు. ఉన్న పద్దెనిమిదీ తగ్గుతాయని నాగజ్యోతి కొన్నాళ్ళు పొద్దున్నే లేచి చూసింది. ఒక్కటీ తగ్గలేదు. పగలగొట్టి చూద్దామా సార్, ఇప్పుడైతే తిరిగి రావేమో అని బాషా ఒకరోజు గడ్డపారతో వచ్చాడు. సంజీవరావు వద్దని, అతనికి మంచినీళ్ళిచ్చి, కిందిదాకా వచ్చి సాగనంపాడు. పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అందరి పేర్లూ అప్పటికే తెలుసుకున్నాడు. మళ్ళీ పైకి ఎక్కేటప్పుడు రోజూ ఎక్కినట్టే ఒక్కో మెట్టు మీదా ఆగి, దాని పేరు తలుచుకుని, పైదాని మీద కాలు పెట్టాడు.